ఊఁ కొట్టని మాస్టారు

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి. రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. ఇలాంటి సభల్లో ముందు కూర్చోవడానికి అందరికీ మొహమాటమే, నాకు తెలుసు. కానీ ఈ మైకును నమ్మడానికి లేదు. ఇందాకటి నుంచి ఈల వేస్తోంది. మాస్టారు ఈ గదిలో ఉంటే ముందు దీని సంగతి చూసి, ఆ తరువాతే ఎవరినైనా నోరు తెరవనిచ్చేవారు.

మిత్రులారా, ఆయనతో కలిసి పనిచేసిన పెద్దలారా, ఆయన్ని చూడకుండానే ఆయన పద్ధతిలో పని నేర్చుకున్న పిల్లలారా, మీరంతా ఈ ఎండలో పనులు మానుకుని వచ్చారు. ఆయన పక్క వాటాలో ఉండే టైలరుగారు దుకాణం మూసి వచ్చారు. మా రేడియో స్టేషను వరండాలన్నీ ముప్పై ఏళ్ళు ఊడ్చిన ఆయమ్మ మనవడి స్కూటరెక్కి వచ్చింది. మొదటి వరుసలో చివరి కుర్చీలో కూర్చున్న పెద్దావిడ మాస్టారి అక్కగారు. రెండు బస్సులు మారి, మోకాళ్ళ నొప్పులతో నిన్న రాత్రే వచ్చారు. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం ఆమె చెప్పమన్నదే. అది ముందే చెప్పేస్తున్నాను, తరువాత ఎవరూ నన్ను తప్పుపట్టకుండా.

మాస్టారు పోయి మూడు వారాలైంది. ఎలా పోయారో కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం తన గదిలో, కుర్చీలో, రేడియో పెట్టుకుని పోయారు. రేడియో మాత్రం మోగుతూనే ఉంది. ఒక రోజు కాదు, రెండు రోజులు. ఆపేవాళ్ళు లేరు కదా. గోడ అవతల మిషను కుట్టుకుంటున్న టైలరుగారికి అనుమానం వచ్చి తలుపు తట్టారు. ఆ రెండు రోజుల్లో ఆ రేడియోలో వచ్చినవాటిలో ఒక కార్యక్రమం నాది. ఆయన మెచ్చుకుంటారనుకుని చేసింది. అది విన్నాక ఆయన ఫోన్ చేస్తారేమోనని ఆ సాయంత్రమంతా చూశాను. ఆయన లేని గదిలో నా కార్యక్రమం మోగుతోందని నాకేం తెలుసు?

ఆయన్ని అందరూ కత్తెర మాస్టారనేవాళ్ళు. నిజానికి ఆయన జీవితంలో కత్తెర పట్టలేదు. టేపును బ్లేడుతో కోసేవారు. కోసి, అతికించి, అతికిన చోట గోటితో ఒక్కసారి రాసి, మిషను మీద పెట్టి కళ్ళు మూసుకుని వినేవారు. అతుకు చెవికి తెలిస్తే అది అతుకు కాదు, గాయం అనేవారు. ఆయన దగ్గర నేను చేరి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటున్నది నేనే. కుర్చీ నాకు పెద్దదే. ఆ సంగతి నా కింద పనిచేసేవాళ్ళు నాకంటే బాగా చెబుతారు.

నేను చేరిన రోజు చెబుతాను. మంచి మార్కులు, మంచి గొంతు, కాలేజీలో కప్పులు. ఆ గొంతు వినిపిద్దామని ఊపిరి బిగబట్టుకుని వెళ్ళాను. ఆయన నా గొంతు సంగతే ఎత్తలేదు. పాత వంతెన మరమ్మతు మీద నాలుగు పేజీలు రాసుకు రమ్మన్నారు. రాశాను. మూడు రోజులు నిఘంటువు ముందేసుకుని రాశాను. ఆయన ఆ కాగితాలు చేతిలోకి కూడా తీసుకోలేదు. నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. అక్కడ మా ఆయమ్మ ఊడుస్తోంది. "ఈవిడకి చదివి వినిపించు అమ్మాయ్. ఈవిడ నీ వైపు చూడదు, పని ఆపదు. రేడియో వినేవాళ్ళంతా ఇంతే" అన్నారు.

ఆమె ఊడుస్తూ ముందుకు పోతోంది. నేను కాగితాలు పట్టుకుని ఆమె వెనకాలే చదువుతూ పోతున్నాను. దారిన పోయేవాళ్ళు నవ్వుకుంటున్నారు. మాస్టారు పెన్సిలు పట్టుకుని నన్ను కాదు, చీపురును చూస్తున్నారు. చీపురు ఆగిన చోట టిక్కు పెడతారట. నాలుగు పేజీలూ అయిపోయాయి. చీపురు ఒక్కసారి ఆగింది. మూలలో అగ్గిపుల్ల ఇరుక్కుంటే ఆగింది.

ఏడ్చాను. ఏడవనా మరి? మళ్ళీ రాశాను. మర్నాడు మళ్ళీ వరండా. వారం రోజులు అదే పని. పెద్ద మాటలు పోయాయి, పొడుగు వాక్యాలు పోయాయి, నా కప్పులు, నా మార్కులు అన్నీ పోయాయి. ఏడో రోజున చీపురు నిజంగా ఆగింది. ఆయమ్మ నడుం నిటారు చేసి నా వైపు తిరిగి అడిగింది, "అయితే ఆ వంతెన మీద ఇప్పుడు పోనిస్తున్నారా లేదా?" అని. మాస్టారు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "అదిగో, అదే నీ మొదటి వాక్యం" అన్నారు. ఆయమ్మా, అవునా కాదా? ఆమె తలూపుతోంది, చూడండి.

ఇదీ ఆయన బడి. చదివేవాడైతే అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుకుంటాడు. వినేవాడికి తిప్పుకోవడానికి ఏముంది? పోయిన మాట పోయినట్టే. కాబట్టి ఒక వాక్యానికి ఒకటే సంగతి. ఎవరన్నారో ముందు చెప్పి, ఏమన్నారో తరువాత చెప్పు. అంకె వస్తే గుండ్రంగా చెప్పు. నోటితో చదవకుండా ఏదీ రాశానని అనుకోకు. ఈ మాటలు ఇప్పుడు నేను పిల్లలకు చెబుతుంటే నా నోట్లో ఆయనే మాట్లాడుతున్నట్టుంటుంది.

ఇంకొకటి చెప్పాలి. ఇది నా తప్పు.

ఒక మిల్లులో బాయిలరు పేలింది. ఇద్దరు పోయారు. అక్కడి సూపర్వైజరును మాస్టారు ఇంటర్వ్యూ చేసి వచ్చారు. బాయిలరుకు పగులుందని మీకు ముందే తెలుసా అని అడిగారు. ఆ పెద్దమనిషి చాలాసేపు ఆగి, "తెలీదండీ" అన్నాడు. కోసి తయారుచేసే పని నాకు అప్పగించారు. నాకప్పటికి కొంచెం చెయ్యి తిరిగింది, ఇక చూస్కోండి నా సంబరం. ఆ ఆగిన తొమ్మిది సెకన్లూ తీసేశాను. సెకనుకు ఏడున్నర అంగుళాల లెక్కన ఐదున్నర అడుగుల ఖాళీ టేపు. శుభ్రంగా కోసి, శుభ్రంగా అతికించి, ముక్కను చెత్తబుట్టలో పడేసి, ఆయనకు వినిపించాను. అతుకు ఆయన చెవికి కూడా తెలియలేదు. అయినా కళ్ళు తెరిచి, "ఇంత చురుగ్గా చెప్పాడా ఈయన?" అని అడిగారు. మధ్యలో ఏమీ లేదు మాస్టారూ, తీసేశాను అని గొప్పగా చెప్పాను. "ఏమీ లేదని నీకెవరు చెప్పారు?" అన్నారు.

బుట్ట నిండా ముక్కలు. అప్పటి టేపు చూసినవాళ్ళకు తెలుసు, అన్నీ ఒకే గోధుమరంగు. మాట ఉన్న ముక్క, మాట లేని ముక్క చూస్తే ఒకేలా ఉంటాయి. ఎవరి మౌనం ఏదో ఎలా పోల్చుకోవాలి? గచ్చు మీద బుట్ట బోర్లించి, ఒక్కొక్క ముక్కా మిషను మీద పెట్టి విన్నాను. ఎవరిదో దగ్గు. ఎవరిదో నవ్వు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. మధ్యాహ్నం భోజనం లేదు. చివరికి ఒక ముక్కలో ఫ్యాను టిక్కు టిక్కుమంటూ, ఒక మనిషి గుటక మింగడం వినిపించింది. అదే ఆ సూపర్వైజరు. దాన్ని ఎక్కడ నుంచి తీశానో అక్కడే పెట్టాను.

ప్రసారంలో ప్రశ్నను అనౌన్సరు చదివాక ఆ ఖాళీ మొదలవగానే డ్యూటీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు, రేడియో ఆగిపోయిందని. మాస్టారు చెయ్యెత్తి ఆగమన్నారు. తొమ్మిది సెకన్లు అయ్యాక, "తెలీదండీ" అని వచ్చింది. అది విన్నవాళ్ళలో ఆ మనిషికి తెలీదని నమ్మినవాళ్ళు ఎవరూ లేరు. మేము ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు ఆయన నాతో, "మనం తీసేసింది ఎవరికీ తెలీదు అమ్మాయ్. అందుకే భయపడాలి" అన్నారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. భయపడాల్సిన సందర్భం ఇంత ఆలస్యంగా, ఈ రకంగా వస్తుందని అనుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఊఁ సంగతి.

మాస్టారి కార్యక్రమాల్లో అడిగేవాడి గొంతు ఉండకూడదు. చెప్పేవాళ్ళే చెప్పుకుపోవాలి. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య మనమెవరమని ఆయన వాదన. ప్రశ్న కోసేయాలి, జవాబు ఉండాలి. మరి చెప్పేవాళ్ళ మాట మీద మన ఊఁ పడితే? దాన్ని కోయడం బ్రహ్మతరం కాదు. మాటలో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి ఊఁ కొట్టకూడదు. తల మాత్రం ఊపాలి.

మన భాషలో ఊఁ కొట్టకుండా వినడం ఎంత కష్టమో ఇంటికెళ్ళి ప్రయత్నించండి. పసిపిల్లకు కథ చెప్పినా ఊఁ కావాలి, ఎనభై ఏళ్ళ ముసలమ్మ కష్టం చెప్పుకున్నా ఊఁ కావాలి. ఊఁ లేకపోతే చెప్పే నోరు ఆగిపోతుంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఆయన ఏదో ఒకటి చెబుతూ ఉండేవారు. నేను ఊఁ అన్నప్పుడల్లా పెన్సిలుతో బల్ల మీద ఒకటి కొట్టేవారు. మొదటి రోజు ఆ బల్ల పెచ్చులూడిపోతుందనుకున్నాను. రెండు నెలలు పట్టింది నాకు ఆ ఊఁ మింగడానికి. దానికి తోడు ఇంకో పద్ధతి. ఎదుటివాళ్ళు చెప్పడం ఆపగానే మనం అందుకోకూడదు. మనసులో మూడు లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు. అసలు మాట ఆ మూడులోనే వస్తుందనేవారు. నిజంగానే వచ్చేది. ఎంతమంది ఎన్ని చెప్పుకున్నారో ఆ మూడు అంకెల్లో.

బాగుంది. స్టూడియోలో బాగుంది. కానీ ఆ అలవాటు స్టూడియోలో వదిలేసి ఇంటికి పోవడానికి అదేమైనా గొడుగా?

మా అమ్మాయి చిన్నప్పుడు స్కూలు కబుర్లు చెబుతూ చెబుతూ ఆపేసి, "అమ్మా, నువ్వున్నావా?" అనేది. ఎదురుగానే ఉన్నాను, కళ్ళల్లోకి చూస్తూనే ఉన్నాను. తరువాత వాళ్ళ నాన్నకు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆయన బాగా ఊఁ కొడతారు, పేపరు చదువుతూ కూడా కొడతారు. నేను పక్క గదిలో ఉండి వినేదాన్ని. ఆ బాధ నేనెవరికీ చెప్పుకోలేదు. మాస్టారితో చెప్పుకుందామని ఒకసారి వెళ్ళి, ఆయన ఎదురుగా ఉన్న బల్లను చూసి మాట మార్చేశాను.

ఇక మాస్టారితో ఫోనంటే అదో నరకం. మనం చెబుతుంటే అవతల చడీ చప్పుడు ఉండదు. చెప్పడం ఆపితే మూడు లెక్కపెట్టేదాకా జవాబు ఉండదు. లైను పోయిందనుకుని సగం మంది పెట్టేసేవాళ్ళు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. స్నేహితులు ఒక్కొక్కరే ఫోన్లు మానేశారు. పొగరనుకున్నారు కొందరు. చెవుడనుకున్నారు ఇంకొందరు. ఉద్యోగం అయిపోయాక ఆ గదిలో పన్నెండేళ్ళు ఒక్కరే ఉన్నారు. నేను నెలకోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళి ఏం చేసేదాన్ని? నా గొడవలు చెప్పుకునేదాన్ని. ఆయన తల ఊపుతూ వినేవారు. మనసు తేలికపడగానే లేచి వచ్చేసేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్క రోజు, మీరెలా ఉన్నారు మాస్టారూ అని అడిగి, నేను మూడు లెక్కపెట్టానా? లేదు. చివరి నాలుగు నెలలు అసలు వెళ్ళనే లేదు. పనుందని చెప్పుకున్నాను. పనేమీ లేదు.

ఇప్పుడు అక్కగారి సంగతి చెప్పాలి.

తొమ్మిదేళ్ళ కింద వాళ్ళ అమ్మగారు మంచం పట్టారు. అక్కగారే చూసుకుంటున్నారు. మాస్టారు వెళ్ళారు. మూడో రోజున అమ్మగారి మంచం పక్కన చిన్న క్యాసెట్ రికార్డరు పెట్టుకుని కూర్చున్నారు. ఆమె ఏవో పాత సంగతులు చెబుతున్నారు. గదిలోకి వచ్చిన అక్కగారు అది చూసి ఒళ్ళు మండి నాలుగు మాటలన్నారు. ఎవరికి మండదు? రాత్రీ పగలూ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్న మనిషికి ఆ మిషను చూస్తే మండదా? మాస్టారు ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. రెండు రోజులకు అమ్మగారు పోయారు. ఆయన వచ్చి, ఒక పక్కన నిలబడి, వెళ్ళిపోయారు. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోలేదు.

ఏడాది చూసి, అక్కగారు ఒకసారి ఫోన్ చేశారు. పది నిమిషాలు మాట్లాడారు. అమ్మ బీరువా సంగతి, ఇంటి సంగతి, తన మోకాళ్ళ సంగతి. చివర్లో, "ఒకసారి రారా, నాకెవరున్నారు?" అన్నారు. అవతల నుంచి ఒక్క ఊఁ లేదు. మొదటి నుంచీ లేదు. ఇంకా కోపం తగ్గలేదు వీడికి అనుకుని, మళ్ళీ చేయనని చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఆయన ఎందుకు తిరిగి చేయలేదో నాకు తెలియదు. పౌరుషం కావచ్చు. సిగ్గు కావచ్చు. ఫోన్ పెట్టేసినవాళ్ళకు తన మాట అక్కర్లేదనుకున్నారేమో. ఆయన తప్పేమీ లేదని నేననను. ఎనిమిదేళ్ళంటే తక్కువ కాలం కాదు, బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. మన మాస్టారు ఆ బస్సెక్కలేదు.

ఆమె మాత్రం ఆదివారాలు ఆయన కార్యక్రమాలు వినేవారట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విన్నారు, ఆ తరువాత పాతవి మళ్ళీ వేసినప్పుడూ విన్నారు. ఇరుగుపొరుగు వాళ్ళు ఇందులో మీ తమ్ముడి గొంతు ఏదని అడిగితే, "వాడిది వినపడదు, వాడు వెనకుంటాడు" అని చెప్పేవారట. కార్యక్రమం అయ్యాక అనౌన్సరు ఆయన పేరు చదువుతాడు కదా, ఆ పేరు కోసం కూర్చునేవారట.

ఆయన పోయిన వారానికి నాకు ఫోన్ చేశారు. "ముప్పై ఏళ్ళు చేశాడు కదమ్మా రేడియోలో. వాడి గొంతు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఒక్కసారి వినిపించు, చాలు" అన్నారు. అంతే అడిగారు. అదెంత భాగ్యం, రేపే వినిపిస్తానని మాటిచ్చేశాను.

నాలుగు రోజులు వెతికాం. నేను, మా ఇంజనీరు, లైబ్రరీ అమ్మాయి. ఆరు వందల పైచిలుకు కార్యక్రమాలు. వందలమంది గొంతులు. ఆయనది లేదు. ప్రశ్నలన్నీ కోసేసి ఉన్నాయి. కోసినవాళ్ళెవరు? సగం ఆయన, సగం నేను. ఎన్ని అడుగుల మాస్టారిని కోసి చెత్తబుట్టలో వేశానో నేను. ఆయన పదవీ విరమణ రోజున రెండు ముక్కలు మాట్లాడితే రికార్డు చేశాం. ఆ టేపు అడిగి ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు చెరిపేసి తెచ్చిచ్చారు, మంచి టేపు, దేనికైనా వాడుకోమని. అప్పుడు అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను.

చివరికి టైలరుగారు తాళం తీసిస్తే ఆయన గదికి వెళ్ళాను. బల్ల, కుర్చీ, మంచం, రేడియో, ఆ చిన్న క్యాసెట్ రికార్డరు. అరలో ఒకే ఒక క్యాసెట్. మీద ఆయన అచ్చుగుద్దినట్టుండే చేతిరాతతో, "అమ్మ. ప్రసారానికి పనికిరాదు" అని ఉంది. అక్కడే, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని విన్నాను. కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పలేదు.

అమ్మగారు చెబుతున్నారు. ఆయాసపడుతూ, ఆగుతూ. ఇల్లు కారిన వానాకాలం. ఎవరికో ఇచ్చిన రాగి బిందె. "నిన్ను మీ అక్క చంకనేసుకుని ఊరంతా తిప్పేదిరా. అదే ఏడేళ్ళ పిల్ల. నిన్ను దింపమంటే ఏడ్చేది" అంటున్నారు. ఆ మాటల మధ్యలో, పక్కనే, మైకుకు దగ్గరగా, మగగొంతు. ఊఁ. నేను ఉలిక్కిపడి వెనక్కి తిప్పాను. ఊఁ. ఇంకో మాట, ఇంకో ఊఁ. మాట మీద పడుతున్నాయి, కోయడానికి వీల్లేకుండా కలిసిపోతున్నాయి. నా చేత రెండు నెలలు ఊఁ మింగించిన మనిషి, వాళ్ళమ్మ ముందు కూర్చుని కథ వినే పిల్లాడిలా ఊఁ కొడుతున్నారు. ఇరవై ఆరు నిమిషాల్లో ముప్పై ఎనిమిది సార్లు. లెక్కపెట్టాను. ఏం చేయను, అది నా వృత్తి. అందుకే రాశారు, ప్రసారానికి పనికిరాదని.

చివర్లో తలుపు చప్పుడు. అక్కగారి గొంతు. "అమ్మకి ఊపిరాడక అవస్థ పడుతుంటే మిషను పెడతావట్రా? నీకు అమ్మ కూడా ప్రోగ్రామేనా?" అప్పుడు మాస్టారి గొంతు. "సరే అక్కా. ఆపేస్తున్నా." టక్కుమని ఆగిపోయింది. అంతే. ప్రపంచంలో మిగిలిన మాస్టారి గొంతు మొత్తం ఇంతే.

ఈ టేపు ఆమెకు ఎలా వినిపించను? తమ్ముడి గొంతు కావాలని అడిగిన మనిషికి, ఆ తమ్ముణ్ణి దూరం చేసుకున్న తన అరుపు కూడా వినిపించాలా? ఈ వయసులో? స్టూడియోకు వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఇప్పుడు బ్లేడు అక్కర్లేదు, కంప్యూటరులో పది నిమిషాల పని. అరుపు తీసేశాను. ఊఁలన్నీ ఉంచి, అమ్మగారి మాట తరువాత నేరుగా "సరే అక్కా" వరకే పెట్టాను. ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. అక్క చంకనేసుకుని తిప్పిందని అమ్మ చెబితే తమ్ముడు ప్రేమగా సరే అక్కా అన్నట్టుంది. నేను చేసిన అతుకులన్నింటిలో మంచి అతుకు అదే. మాస్టారు కూడా పట్టుకోలేరు. ఆయన అక్కను మోసం చేయడానికి ఆయన నేర్పిన విద్యే పనికొచ్చింది.

ఎవరికీ తెలియదు. నాకు తప్ప. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తరువాత తీసిందంతా తిరిగి పెట్టేశాను.

ఇవాళ పొద్దున మా ఇంట్లో అక్కగారికి వినిపించాను. చివర్లో మీరు కూడా ఉన్నారండీ అని ముందే చెప్పాను. ఉండనీ అన్నారు. మొదటి ఊఁ రాగానే ఆమె చెయ్యి నా చేతిని పట్టుకుంది. ప్రతి ఊఁకీ కొంచెం నొక్కుతున్నారు, తనకు తెలియకుండానే. తన అరుపు వచ్చినప్పుడు తల తిప్పుకోలేదు. అయిపోయాక, "వీడికి ఊఁ అనడం వచ్చన్నమాట" అన్నారు. అప్పుడు ఆమెకు మా వృత్తి సంగతి చెప్పాను. ఊఁ కొట్టకూడదని, మూడు లెక్కపెట్టాలని, ఆయనతో ఫోన్ ఎలా ఉండేదో, ఎంతమంది మధ్యలోనే పెట్టేశారో, అన్నీ చెప్పాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేను అందుకోలేదు. ఒకటి, రెండు, మూడు, ఇంకా చాలా లెక్కపెట్టాను. అప్పుడు అడిగారు. "అయితే ఆ రోజు నేను చెప్పిందంతా విన్నాడా వాడు?" విన్నారండీ అన్నాను. "రారా అన్నది కూడా?" అదీ విన్నారన్నాను. ఆయన ఇక జవాబు చెప్పబోతూ ఉండాలి. మీరు ఫోన్ పెట్టేసేసరికి మూడు కూడా అయ్యుండదు అన్నాను. ఈ మాట చెప్పి ఆమెకు ఊరటనిచ్చానో, ఉన్న పుండును రేపానో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఆమె ఏడ్చారు. నేనూ ఏడ్చాను. తరువాత కళ్ళు తుడుచుకుని, "సభలో చెప్పు. నేను అరిచింది తీసెయ్యకు. ఫోను పెట్టేసింది నేనేనని కూడా చెప్పు" అన్నారు. చెప్పానండీ. ఏమీ తీసెయ్యలేదు.

మిత్రులారా, ఆయన గొప్పవాడని చెప్పి ముగించడం నాకు తేలిక. గొప్పవాడే. కానీ ఆయన ఒంటరివాడు, ఆ ఒంటరితనంలో మనందరికీ భాగముంది, ముఖ్యంగా నాకు. అది చెప్పకుండా ఈ మైకు వదిలితే రేపు ఆ కుర్చీలో కూర్చోలేను.

ఇక లేచి నిలబడి, ఆయన్ని తలుచుకుని, కాసేపు మాట్లాడకుండా ఉందాం. గడియారం చూసి ఇంతసేపని నేను చెప్పను. అక్కగారికి లేవడం కష్టం, కుర్చీలోనే ఉండండని చెప్పాను, ఒప్పుకోలేదు. ఆమెకు ఎవరూ చెయ్యి అందించవద్దు, అది కూడా ఆమే చెప్పమన్నారు. మనం ముందు లేచి ఆమెను తొందరపెట్టకూడదు. అక్కగారూ, మీరు లేవండి. మీరు నిలబడ్డాక మేమంతా లేస్తాం. మీరు చాలనుకుని కూర్చునేదాకా ఇక్కడెవరూ నోరు తెరవరు, ఎవరూ కూర్చోరు.